180 రకాలుగా ముగిసే బేరం

సైప్రస్ సైకిల్స్ సైకిళ్లు తయారుచేసే కంపెనీ. దానికి విడిభాగాలు అమ్మేది ఐటెక్స్. రెండూ కల్పిత కంపెనీలే. తేల్చుకోవలసినవి నాలుగు: ధర, సరుకు చేరే గడువు, డబ్బు కట్టే సమయం, పాడైన సరుకును వెనక్కి తీసుకునే షరతు. ధరకు 3.47 డాలర్ల నుంచి 4.37 డాలర్ల దాకా ఐదు మెట్లున్నాయి. గడువు 20, 30, 45, 60 రోజుల్లో ఏదో ఒకటి. చెల్లింపుకు మూడు పద్ధతులు, వాపసుకు మూడు. అన్నీ గుణిస్తే 180. పట్టుమని నాలుగు అంశాలు కూడా దాటని ఈ బేరం 180 రకాలుగా ముగియవచ్చు. అసలు కుదరకపోవడం 181వ ముగింపు.

1996 నుంచి ఎన్నో దేశాల విద్యార్థులు, మేనేజర్లు, ఇంజనీర్లు ఈ బేరాన్ని వెబ్‌లో ఆడారు. వేదిక పేరు ఇన్‌స్పైర్. కెనడా రాజధాని ఒటావాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ కెర్‌స్టెన్ నడిపిన ఇంటర్‌నెగ్ ప్రాజెక్టులో అది పుట్టింది. సునీల్ నొరోన్హాతో కలిసి ఆయన దాని నిర్మాణాన్ని, వాడకాన్ని 1999లో వివరంగా ప్రచురించారు. ఆ తర్వాత ప్రాజెక్టు మాంట్రియల్‌లోని కాంకోర్డియా విశ్వవిద్యాలయానికి మారి పరిశోధన కేంద్రమైంది.

వెబ్ బ్రౌజర్లు అప్పుడప్పుడే జనంలోకి వస్తున్న రోజులవి. ఒక దేశం మనిషిని మరో దేశం మనిషితో, ముఖం చూపించకుండా, పేరు చెప్పకుండా బేరమాడించి, ప్రతి ప్రతిపాదననూ ప్రతి ఉత్తరాన్నీ భద్రపరచవచ్చన్న ఆలోచన అప్పటికి కొత్తది. అది ఒక్క దేశంలో కూర్చుని చేసే పని కాదు. అటువైపు వేరే దేశంలో ఒక అధ్యాపకుడు తన తరగతికి దీన్ని అభ్యాసంగా ఇవ్వాలి, ఇద్దరి సెమిస్టర్లూ కలవాలి. ఒకవైపు పరీక్షలు మొదలై విద్యార్థి మౌనం వహిస్తే ఇటువైపు వాడి బేరం గాలిలో వేలాడుతుంది. ఒక్కో బేరం ముగియడానికి మూడు వారాల గడువు పెట్టడం వెనుక ఈ ఇబ్బంది కూడా ఉండి ఉండవచ్చు. వేర్వేరు టైమ్ జోన్లలో ఉన్నవాళ్లు తీరికగా చదువుకుని జవాబివ్వడానికి అది చాలు, ఆసక్తి చచ్చిపోయేంత పొడవూ కాదు.

బృందంలో ఎవరి విద్య వారిది. పోలండ్‌లో చదువుకున్న కెర్‌స్టెన్‌ది నిర్ణయశాస్త్రం. వెబ్ రాకముందే, 1980లలో, ఆయన ఒటావా విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్ మాట్విన్, స్టాన్ ష్పకోవిచ్‌లతో కలిసి సంప్రదింపులను తర్క నియమాలుగా రాసే నెగోప్లాన్ అనే ప్రోగ్రామ్ మీద పనిచేశారు. వియన్నా నుంచి రుడాల్ఫ్ వెచెరా నిర్ణయ గణితాన్ని, జబీన్ కోసెగి సంస్థల్లో మనుషుల ప్రవర్తనను పట్టుకొచ్చారు. కాంకోర్డియాలో రుస్తమ్ వహీదోవ్ సాఫ్ట్‌వేర్ ఏజెంట్ల వైపు, అంటే మనిషి తరఫున తామే పనిచేసే ప్రోగ్రాముల వైపు, చూశారు. ఇంతమంది ఎందుకో వ్యవస్థ లోపలికి వెళ్తే తెలుస్తుంది.

ఇన్‌స్పైర్‌లో మొదటి ప్రతిపాదన పంపేలోపు చేయవలసిన పని చాలా ఉంది. కేసు చదివి, ప్రశ్నావళి నింపి, మీ దగ్గరున్న 100 పాయింట్లను నాలుగు అంశాలకూ పంచాలి. ఆపైన ఒక్కో అంశంలోని ఒక్కో మెట్టుకు విలువ కట్టాలి. మీకు బాగా నచ్చిన మెట్టుకు ఆ అంశం పాయింట్లన్నీ, నచ్చనిదానికి సున్నా, మధ్యవాటికి మీ ఇష్టం. చివరగా కొన్ని పూర్తి ప్యాకేజీలను, అంటే నాలుగు అంశాల్లోనూ ఒక్కో మెట్టు ఎంచి కూర్చిన ఒప్పందాలను, వ్యవస్థే ముందు పెడుతుంది. వాటి మార్కులు మీ మనసుకు సరిపడకపోతే దిద్దవచ్చు, దాన్నిబట్టి లెక్క సర్దుకుంటుంది. ఇక్కడి నుంచి 180 ప్యాకేజీల్లో దేనికైనా మీ మార్కు ఎంతో వ్యవస్థ చెప్పగలదు. ఎదుటివాళ్ల మార్కులు మాత్రం మీకు ఎప్పటికీ కనిపించవు. రెండువైపులా తెలిసింది వ్యవస్థకు ఒక్కదానికే.

ఆ తెలివిడి ఉపయోగపడేది ఒప్పందం కుదిరాక. కొనేవారికి ధర 45, గడువు 25, వాపసు 20, చెల్లింపు 10 పాయింట్లు అనుకుందాం. అమ్మేవారికి చెల్లింపు 40, ధర 35, గడువు 15, వాపసు 10. ఇద్దరూ పట్టువిడుపులతో ధర 3.98 డాలర్లకు, చెల్లింపు సరుకు చేరిన 30 రోజులకు అని తేల్చుకున్నారు. చూడటానికి న్యాయమైన మధ్యేమార్గం. ఇప్పుడు ధరను ఒక మెట్టు దించి 3.71 చేసి, బదులుగా సరుకు అందగానే డబ్బు కట్టమంటే? ధర దిగినందుకు కొనేవారికి 12 పాయింట్లు వచ్చాయి, వెంటనే కట్టాల్సి వచ్చినందుకు 5 పోయాయి. అమ్మేవారికి ధరలో 10 పోయాయి, చెల్లింపులో 20 వచ్చాయి. కొనేవారికి నికరంగా 7, అమ్మేవారికి 10 లాభం. ఎవరి జేబులోంచీ ఏమీ తీయకుండా ఇద్దరికీ మేలు జరిగే ఇలాంటి మార్పు ఇక మిగలని ఒప్పందాన్ని, ఇటలీ ఆర్థికవేత్త విల్ఫ్రెడో పారెటో పేరుతో, పారెటో సమర్థమైనది అంటారు. ఒప్పందం ఆ స్థాయికి చేరకపోతే ఇన్‌స్పైర్ ఇద్దరికీ మెరుగైన ప్యాకేజీలను, ఎక్కువలో ఎక్కువ ఐదింటిని, చూపిస్తుంది. కావాలంటే మళ్లీ మాట్లాడుకోవచ్చు, వద్దంటే కుదిరిందే ఖాయం.

ఒక్కో అంశాన్నీ విడిగా తీసుకుని చెరిసగం చేసుకుంటే నష్టపోయేది ఇక్కడే. ధర తేల్చి, దాన్ని పక్కన పెట్టి, ఆపైన గడువు, ఆపైన చెల్లింపు అంటూ పోతే ఒక అంశంలో వదులుకున్నదాన్ని మరో అంశంలో రాబట్టుకునే దారి మూసుకుపోతుంది. అందుకే ఇన్‌స్పైర్‌లో ప్రతిపాదన నాలుగు అంశాల పూర్తి ప్యాకేజీగా వెళ్తుంది. ఇచ్చిన ప్రతిపాదనలూ వచ్చినవీ ఎవరి మార్కుల ప్రకారం వారికి గ్రాఫులో కనిపిస్తాయి. ఈ అలవాటు నేర్పడం ఈ వ్యవస్థ చేసిన గొప్ప మేలని నా అభిప్రాయం.

అయితే ఈ లెక్కంతా నిలబడేది మొదట్లో పంచిన ఆ 100 పాయింట్ల మీద. హడావిడిగా నాలుగింటికీ తలా 25 వేసి ముందుకు దూకినవారికి తర్వాత వచ్చే ప్రతి అంకె అబద్ధమే చెబుతుంది. నిజానికి వదులుకున్నది గ్రాఫులో లాభంగా కనబడుతుంది, మేలైన ప్రతిపాదన చేతికొస్తే తిప్పికొడతారు. చివరికి వ్యవస్థ చూపే మెరుగైన ప్యాకేజీలు కూడా తప్పుడు పాయింట్ల ప్రకారమే మెరుగైనవి. లెక్కలో ఇంకో ఊహ కూడా దాగి ఉంది: ఒక అంశం విలువ మరోదాని మీద ఆధారపడదని. సరుకు ఆలస్యమైతే చెల్లింపు కూడా ఆలస్యంగా ఉండాలని కోరుకునే కొనుగోలుదారు మనసు ఈ కూడికలో పూర్తిగా ఇమడదు.

మనుషులు పాయింట్లు ఎంత తప్పుగా వేస్తారో సైకిళ్ల కేసులో కొలవడం కష్టం, ఎందుకంటే అక్కడ ఇష్టాయిష్టాలు ఆడేవారివే. సరైన జవాబంటూ ఒకటి లేదు. దానికి మరో కేసు అక్కరకొచ్చింది: మొసికో అనే సంస్థకూ ఫాడో అనే గాయనికీ మధ్య ఒప్పందం. కచేరీలు ఎన్ని, కొత్త పాటలు ఎన్ని, రాయల్టీ ఎంత శాతం, సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్ ఎంత అన్నవి అంశాలు. మొత్తం 240 ప్యాకేజీలు. ఇక్కడ ఆడేది ఏజెంటు. తనను పంపినవారికి ఏది ఎంత ముఖ్యమో వృత్తాల బొమ్మలో ఇచ్చేస్తారు, పెద్ద వృత్తమంటే ఎక్కువ ముఖ్యం. ఏజెంటు ఆ బొమ్మను చూసి పాయింట్లుగా మార్చాలి. సరైన జవాబు బొమ్మలోనే ఉంది కాబట్టి తేడా ఎంతో లెక్కించవచ్చు. పోలండ్‌కు చెందిన తోమాష్ వాహోవిచ్, ఎవా రోష్కోవ్‌స్కా కెర్‌స్టెన్‌తో కలిసి ఇదే చేశారు. తప్పులను రెండుగా విడదీశారు. మొదటిది వరుస తప్పు, అంటే ముఖ్యమైనదాన్ని వెనక్కి, కానిదాన్ని ముందుకు తోయడం. రెండోది వరుస సరిగా ఉన్నా దూరాలు తప్పడం. రెండూ చాలామందిలో కనిపించాయి. బొమ్మ కళ్లముందే ఉన్నా అలా జరిగిందంటే, మనసులోని ఇష్టాన్ని అంకెలుగా మార్చేటప్పుడు ఇంకెంత జారిపోతుందో ఊహించుకోవచ్చు.

కాంకోర్డియా బృందం తర్వాత ఇన్‌వైట్ అనే వేదిక కట్టింది. ఒకే పునాది మీద వేర్వేరు బేర వ్యవస్థలను నిలబెట్టడం దాని పని: మార్కుల సాయం లేకుండా సందేశాలు, ప్రతిపాదనలు మాత్రమే ఉండే సింపుల్‌ఎన్‌ఎస్ ఒకటి, ఒక కొనుగోలుదారు పలువురు అమ్మకందార్లతో బేరమాడే ఇంబిన్స్ ఒకటి, అదే కొనుగోలును బహుళ అంశాల వేలంగా నడిపే ఇమరాస్ ఇంకొకటి. తెర, కేసు ఒకేలా ఉంచి పద్ధతి ఒక్కటే మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో మరైకె షోప్ బృందం నడిపిన నెగోయిస్ట్ అనే బేర వ్యవస్థ దారి వేరు. అక్కడ ప్రతి సందేశానికీ అది ప్రశ్నా, ప్రతిపాదనా, తిరస్కారమా అన్న గుర్తు ఉంటుంది, వాక్యంలోని అంకె ఒప్పందంలోని అంశానికి ముడిపడి ఉంటుంది.

అంకెల పక్కనే ఇన్‌స్పైర్‌లో మాటలూ పోగయ్యాయి. 2,500కు పైగా బేరాల ఉత్తరాలు, దాదాపు 15 లక్షల పదాలు. మరీనా సోకొలోవా, వీవీ నస్తాసె, స్టాన్ ష్పకోవిచ్ వాటిని కంప్యూటర్‌తో చదివించి, మాటలను బట్టి ఒప్పందం కుదురుతుందో లేదో ముందే చెప్పవచ్చా అని చూశారు. ఆ ఫలితాల్లో ఒకటి 2008 జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగిన సహజ భాషా ప్రాసెసింగ్ (మనుషుల భాషను కంప్యూటర్‌తో విశ్లేషించే రంగం) అంతర్జాతీయ సదస్సుకు వచ్చింది. ఎదురెదురుగా కూర్చుని ఆడే బేరాల్లో మొదటి భాగంలోని మాటలే ముగింపును ఎక్కువగా పట్టిస్తాయి. ఎలక్ట్రానిక్ బేరాల్లో వ్యవహారం తలకిందులైంది. చివరి భాగాన్ని ఎంత చిన్నగా కత్తిరించి చూస్తే బేరానికి సంబంధించిన పదాలు ఫలితాన్ని అంత కచ్చితంగా చెప్పాయి.

వ్యవస్థలు కట్టేవారికి ఇది చిక్కు తెచ్చిపెడుతుంది. బేరం చెడిపోయేలా ఉందని మొదటి వారంలోనే హెచ్చరించగలిగితే ఆడేవారు దారి మార్చుకోవచ్చు. కానీ మాటల్లో ఆ జాడ బలంగా కనిపించేది గడువు దగ్గర పడ్డాకే. ముందస్తు హెచ్చరికకు ఉత్తరాల భాష ఒక్కటే చాలదు. ప్రతిపాదనల మధ్య దూరం ఎంత వేగంగా తగ్గుతోంది, జవాబులు ఎంత ఆలస్యమవుతున్నాయి అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలి.