పులుపు తెలుస్తుంది, పులుసు తెలియదు

పడిశం పట్టిన మూడో రోజు పులుసన్నం కలుపుకుంటే పుల్లగా ఉంటుంది, ఉప్పగా ఉంటుంది, కారం మండుతుంది. అది చేపల పులుసో వంకాయ పులుసో మాత్రం కళ్లు మూసుకుంటే చెప్పలేం. కోనసీమలో ఎవరిని అడిగినా "నోరు చప్పబడిపోయిందండి" అంటారు. నిజానికి చాలాసార్లు నోరు బాగానే ఉంటుంది, పోయింది ముక్కు.

నాలుక గుర్తుపట్టే రుచులు తీపి, ఉప్పు, పులుపు, చేదు, వాటికి తోడు ఎండుచేపల్లోనూ పుట్టగొడుగుల్లోనూ ఉండే ఉమామి. కారం ఈ లెక్కలోకి రాదు. మిరపలోని కాప్సాయిసిన్ తట్టి లేపేది వేడిని పసిగట్టే గ్రాహకాన్ని. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ సంగతి తేల్చింది, 2021లో ఆయన నోబెల్‌కి ఇదే ఆధారం. ఆవ ఘాటుదీ అలాంటి దారే, ముఖంలోని ట్రైజెమినల్ నరం. అందుకే ముక్కు దిబ్బడేసిన మనిషికి కూడా పనసపొట్టు కూరలో ఆవ తగులుతుంది, పనస తగలదు.

మిగిలిందంతా వాసనే. నమిలేటప్పుడు లేచే ఆవిరి కొండనాలుక వెనక నుంచి ముక్కు పైకప్పుకి ఎక్కుతుంది. పొలమారినప్పుడు నీళ్లు ముక్కులోంచి వస్తాయే, అదే దారి. ముక్కు గట్టిగా మూసుకుని ఆత్రేయపురం పూతరేకు ముక్క నోట్లో వేసుకోండి, తీపి ఒక్కటే తెలుస్తుంది. వేళ్లు వదలగానే నెయ్యి, యాలకులు ఒక్కసారిగా గుప్పుమంటాయి.

జలుబులో వాసన రెండు రకాలుగా పోతుంది. లోపల వాపు, చీమిడి అడ్డుపడితే గాలి పైకప్పు దాకా చేరదు. ముక్కు తెరుచుకోగానే ఇది తగ్గిపోతుంది. రెండోది మొండిది. ముక్కు శుభ్రంగా ఉన్నా వాసన రాదంటే వైరస్ ఆ పైకప్పులో వాసన పట్టే పొరనే దెబ్బతీసిందన్నమాట. 2020లో కోవిడ్ చేసింది ఎక్కువగా ఇదే. ఆ వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే ఏస్-2 గ్రాహకం వాసన నాడుల మీద కాదు, వాటిని పోషించే ఆసరా కణాల మీద ఉంది. ఆసరా కూలితే నాడి పనిచేయదు. కోవిడ్‌లో కొందరికి నాలుక రుచి, కారం కూడా మందగించాయి.

అడుగు పొరలోని మూలకణాలు కొత్త నాడులను పుట్టించగలవు. అవి జల్లెడలాంటి ఎముక రంధ్రాల గుండా మెదడుకి చేరి మళ్లీ ముడిపడాలి. ఆ ముడి తప్పితే కాఫీ, వెల్లుల్లి, వేగే ఉల్లిపాయ కుళ్లు కంపు కొడతాయి. జబ్బు తగ్గిన రెండు మూడు నెలలకి ఇది మొదలైతే ఇంట్లోవాళ్లు వంకలనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి, ఆ మనిషి నిజంగానే తినలేకపోతున్నారు. వేడి తాలింపుల జోలికి పోకుండా చల్లారిన అన్నం, పెరుగు, పళ్లు పెట్టండి. చల్లటి తిండిలోంచి ఆవిరి తక్కువ లేస్తుంది.

ఇళ్లలో చేసుకోదగ్గది వాసన సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతిలో గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలు వాడారు. మూతలున్న నాలుగు సీసాల్లో దూది పెట్టి ఒక్కోదానిలో ఒక్కో తైలం చుక్కలు వేయండి. పొద్దున, రాత్రి ఒక్కో సీసాని పది పదిహేను సెకన్లు, చిన్న చిన్న పీల్పులతో, ఆ పరిమళాన్ని గుర్తుచేసుకుంటూ వాసన చూడాలి. కనీసం 12 వారాలు పడుతుంది. గట్టిగా ఎగపీల్చడం, తైలం ఆరిపోయినా మార్చకపోవడం, రెండు వారాలకే మానేయడం మామూలుగా జరిగే తప్పులు. కడియపులంక గులాబీ అంటే మనకి గొప్పే, కానీ రంగు చూసి హైబ్రిడ్ పువ్వు పెట్టుకుంటే వాసనే ఉండదు, దేశవాళీదో అత్తరో కావాలి.

తైలాలు ముక్కులో మాత్రం వేసుకోవద్దు. ఉప్పునీటితో కడుక్కునేవారు పావు లీటరు నీటికి అరచెంచా కన్నా కాస్త తక్కువ ఉప్పు వేసుకోవాలి. ఉప్పు తగ్గితే ముక్కు మండిపోతుంది. నీళ్లు కనీసం ఒక నిమిషం తెర్లి, గోరువెచ్చగా చల్లారాలి. కాలువ నీళ్లు, బోరు నీళ్లు పచ్చివి వాడారా, అరుదుగానైనా వాటిలోని అమీబా ఆ జల్లెడ ఎముక గుండానే మెదడుకి పాకుతుంది. అది దాదాపు ప్రతిసారీ ప్రాణాంతకమే.

జలుబు లేకుండా వాసన పోయినా, తలకి దెబ్బ తగిలాక పోయినా, ఒక ముక్కుపుటమే మొద్దుబారినా, నాలుగు వారాలు దాటినా ఈఎన్‌టీ డాక్టర్ని కలవాలి. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మింగకూడదు.

ఈలోగా పెద్దవాళ్లు రుచి కోసం ఉప్పు, పంచదార పెంచేస్తారు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి అది చేటు. నిమ్మకాయ, అల్లం, ఆవ, కరకరలాడే వడియం ఆ లోటు కొంత తీరుస్తాయి. వంట గ్యాసుకి సొంత వాసన లేదు, మనకి తెలిసేది అందులో కలిపిన మెర్కాప్టాన్. అదీ తెలియని రోజుల్లో రాత్రి రెగ్యులేటర్ కట్టేయండి, గొట్టం అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. చేప కొంటే మొప్పలు ఎర్రగా ఉన్నాయా, నొక్కిన కండ తిరిగి లేస్తోందా చూసుకుని, వాసన పని పక్కవాళ్లకి అప్పగించండి.