ఎద్దు కొమ్ము దగ్గర ఏముంది?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు,

అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. పాత పద్ధతి ఇంతటితో చాలు, ఇకపైన మామూలుగా రాస్తాను.

డిసెంబరులో మీరు వచ్చినప్పుడు డాబా మీద మీకు రోహిణి నక్షత్రాన్ని చూపించాను, గుర్తుందా? వృషభ రాశిలో, అంటే ఎద్దు ఆకారంలో ఊహించుకున్న నక్షత్రాల గుంపులో, ఎర్రగా వెలిగే ఎద్దు కన్ను అది. అక్కడి నుంచి రెండు కొమ్ములు పైకి గీసి, దక్షిణం వైపు కొమ్ము కొనన ఉన్న నక్షత్రం పక్కగా వేలు పెట్టాను. రెండు చందమామల వెడల్పంత దూరంలో పీత నీహారిక అనే వాయు మేఘం ఉంటుందని చెప్పాను. చిన్నా మెడ నొప్పి పుట్టేదాకా చూసి, "అక్కడ ఏమీ లేదు అమ్మమ్మా" అన్నాడు. బుజ్జి ఇంకో మాట అన్నది. "దాని ఫొటోలు ఫోనులో బోలెడున్నాయి. తీసేవాళ్ళు తీసేశారు. ఇంక అందులో కనిపెట్టడానికి ఏం మిగిలింది?"

చిన్నా మాటకు నాకు నవ్వు వచ్చింది. బుజ్జి మాట మాత్రం మనసులో ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఆ పూట సరైన జవాబు ఇవ్వలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. జవాబుగా వర్జీనియా ట్రింబుల్ అనే ఖగోళశాస్త్రవేత్త కథ చెబుతాను.

ముందు ఆ చోటు సంగతి. 1054 జూలై 4న అక్కడ ఒక 'అతిథి నక్షత్రం' కనిపించిందని చైనా రాజాస్థానంలోని ఖగోళ పరిశీలకులు రాసి పెట్టుకున్నారు. 23 రోజుల పాటు అది పట్టపగలే కనిపించింది. రాత్రిళ్ళు మరో ఏడాదిన్నరకు పైగా కనిపించి మాయమైంది. ఆ రోజుల్లో మన రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు. అంటే నన్నయ గారి కాలం అన్నమాట. చైనా వాళ్ళు అతిథి అన్నారు గానీ అది కొత్తగా వచ్చిన నక్షత్రం కాదు, ఉన్న నక్షత్రమే పోతూ పోతూ వెలిగిన వెలుగు.

పెద్ద నక్షత్రాలు, అంటే సూర్యుడికి ఎనిమిది రెట్లకు మించి బరువున్నవి, అలా పోతాయి. నక్షత్రం నిలబడి ఉండడమే ఒక పెనుగులాట. దాని బరువు దాన్ని లోపలికి నొక్కుతుంటుంది, లోపల పుట్టే వేడి బయటికి నెడుతుంటుంది. హైడ్రోజన్ అయ్యాక హీలియం, ఆ తర్వాత కార్బన్, ఇలా ఒక్కొక్కటే మండిస్తూ, అంటే చిన్న పరమాణు కేంద్రకాల్ని కలిపి పెద్దవి చేస్తూ, చివరికి ఇనుము దగ్గరికి వస్తుంది. ఇనుమును కలిపితే వేడి పుట్టదు, ఎదురు ఖర్చు. పొయ్యి ఆరిపోతుంది. ఇంచుమించు భూమి అంత ఉన్న నడిగుండు సెకనులోపే కుప్పకూలి, మన తెనాలి నుంచి గుంటూరుకు ఉన్నంత దూరం కూడా లేని బంతి అయిపోతుంది. ఆ దెబ్బకు పైపొరలన్నీ విసిరినట్టు బయటికి పోతాయి. ఆ పేలుడు సూపర్నోవా. బయటికి పోయిన సరుకు సూపర్నోవా అవశేషం. మన పీత నీహారిక అటువంటి అవశేషం. ఇంకో రకం సూపర్నోవాలూ ఉన్నాయి, వాటికి మన భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ వేసిన లెక్క కావాలి. అది మరో ఉత్తరం.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న మనిషి దగ్గరికి వస్తాను. అదే, వర్జీనియా ట్రింబుల్. 1943లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. ఆవిడకు మొదట ఇష్టమైనవి నక్షత్రాలు కావు, ఈజిప్టు. పురావస్తు శాస్త్రం చదవాలనుకుని చేరిన విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు లేకపోయేసరికి ఖగోళశాస్త్రం తీసుకుంది. ఈజిప్టు మీద మమకారం మాత్రం పోలేదు. గీజాలోని పెద్ద పిరమిడ్‌లో గాలి కోసం పెట్టారనుకునే సన్నని సొరంగాలు ఏ నక్షత్రాల వైపు చూస్తున్నాయో లెక్క వేసి, 1964లో, ఇరవై ఒకటో ఏటనే వ్యాసం అచ్చు వేయించింది. కోరిన కోర్సు దొరకలేదని ఏడ్చే పిల్లల్ని మా కాలేజీలో ఏటా చూసేదాన్ని. వాళ్ళకు ఈవిడ కథ చెప్పేదాన్ని. కొందరు ఏడుపు ఆపేవాళ్ళు.

1964లోనే ట్రింబుల్ పీహెచ్‌డీకి కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ అనే విద్యాసంస్థలో చేరింది. అక్కడ అప్పట్లో ఆడపిల్లల్ని డిగ్రీ చదువుకు చేర్చుకునేవాళ్ళు కాదు. పై చదువుకు కూడా అరుదుగానే చేర్చుకునేవాళ్ళు. పెద్ద టెలిస్కోపుల దగ్గర ఇంకా కట్టుబాట్లు. మార్గరెట్ బర్బిడ్జ్ అని ఒకావిడ ఉండేది. మన చుట్టూ ఉన్న మూలకాల్లో చాలావరకు నక్షత్రాల్లో వండబడ్డవేనని 1957లో వివరించిన నలుగురిలో ఆవిడ పేరే మొదటిది. అంతటి ఆవిడ 1950లలో మౌంట్ విల్సన్ టెలిస్కోపు దగ్గరికి వెళ్ళాలంటే, దరఖాస్తు ఆమె భర్త పేరు మీద పెట్టి, ఈవిడ ఆయనకు సహాయకురాలిగా వెళ్ళాల్సి వచ్చింది. ఆ భర్త గారు కాగితం, కలంతో పనిచేసే సిద్ధాంతకర్త! టెలిస్కోపు పని ఆవిడది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వస్తాయి.

ట్రింబుల్‌కు దొరికిన పరిశోధన విషయం మన పీత నీహారిక. బుజ్జీ, ఇక్కడ జాగ్రత్తగా చదువు. ఆ ఫొటోలు ఆవిడ తీసినవి కావు. చాలావరకు వాల్టర్ బాడే అనే జర్మన్ ఖగోళశాస్త్రవేత్త తీసినవి. 1939 నుంచి ఏళ్ళ తరబడి పెద్ద టెలిస్కోపులతో గాజు పలకల మీద ఆ నీహారిక బొమ్మలు తీసి దాచాడు. 1960లో కాలం చేశాడు. పలకలు మిగిలాయి. అంటే నువ్వన్నట్టే, తీసేవాళ్ళు తీసేశారు.

మరి ఆవిడ ఏం చేసింది? కొలిచింది.

ఆ గాజు పలక మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లటి చుక్కలుగా ఉంటాయి. నీహారిక నల్లటి పోగుల చిక్కులా కనిపిస్తుంది. పోగుల్లో అక్కడక్కడా ముడుల్లాంటివి ఉంటాయి. ఒక ముడిని పట్టుకుని, చుట్టుపక్కల నక్షత్రాలకు అది ఎంత దూరంలో ఉందో సూక్ష్మదర్శిని కింద చూడాలి. అడ్డగీత సరిగ్గా ముడి మీదికి వచ్చేదాకా మర తిప్పాలి, అంకె రాసుకోవాలి. మా డిగ్రీ ల్యాబులోనూ ఇటువంటి పరికరం ఉండేది. మరను ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ గీత మీదికి రావాలి. దాటిపోయిందని వెనక్కి తిప్పితే అంకె మారిపోతుంది, ఎందుకంటే పళ్ళ మధ్య కాస్త వదులు ఉంటుంది. దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి రావాలి. పిల్లలు పది రీడింగులు తీసేసరికి కళ్ళు నులుముకునేవాళ్ళు. ఆవిడ వందకు పైగా ముడుల్ని, ఒక్కొక్కదాన్ని వేరువేరు సంవత్సరాల పలకల మీద కొలిచింది. పాతికేళ్ళలో ఆ ముడి పలక మీద జరిగిన దూరం ఎంతనుకున్నారు? బాగా జరిగినది కూడా అర మిల్లీమీటరుకు మించదు. ఉగాదికి ఉగాదికి మీ ఎత్తు వంటింటి గుమ్మం మీద పెన్సిలుతో గీస్తాను కదా, ఆ పెన్సిలు గీత మందమంత.

ఆ అర మిల్లీమీటరులో ఉంది అసలు కథ. ప్రతి ముడీ నడిమి నుంచి బయటికి పోతోంది. ఇప్పుడెంత వేగంగా పోతోందో తెలుసు, నడిమి నుంచి ఎంత దూరం వచ్చిందో తెలుసు. వెనక్కి లెక్కేస్తే ఎప్పుడు బయలుదేరిందో రావాలి. నీహారిక పెరుగుతోందని 1921లోనే డంకన్ అనే ఆయన గుర్తించాడు. ఆ పెరుగుదలను బట్టి దాని వయసు ఇంచుమించు 900 ఏళ్ళని, చైనా వాళ్ళ అతిథి ఇదేనని 1928లో హబుల్ అనే ఖగోళశాస్త్రవేత్త రాశాడు. ట్రింబుల్ లెక్కలో వచ్చిన సంవత్సరం సుమారు 1140.

ఎనభై ఆరేళ్ళ తేడా! చైనా వాళ్ళు తేదీతో సహా రాశారు కాబట్టి వాళ్ళది తప్పు కాదు. మరి కొలత తప్పా?

మీ మామయ్య విజయవాడలో బయలుదేరి హైదరాబాదుకు కారులో వస్తున్నాడనుకోండి. ఉదయం తొమ్మిదికి, 270 కిలోమీటర్లు వచ్చాక, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో మీకు కనిపించాడు. మూడు గంటల ప్రయాణం, ఆరింటికి బయలుదేరి ఉంటాడని మీరంటారు. అత్తయ్య మాత్రం "అయిదింటికే గుమ్మం దాటారు, నేనే కాఫీ ఇచ్చి పంపాను" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారంటే అర్థం ఒక్కటే. మామయ్య మొదట్లో నెమ్మదిగా నడిపి, దారిలో వేగం పెంచాడు.

నీహారిక కూడా అంతే, వేగం పెంచుకుంది. ఇది వింత. పేలి విసిరిన ముక్కలు దారిలోని వాయువును ఊడ్చుకుంటూ నెమ్మదించాలి గానీ జోరు అందుకోవడం ఏమిటి? అంతకుముందు కొలతల్లోనూ ఈ తేడా తొంగి చూసింది. అయితే కొలతలో పొరపాటేమో అనుకోవడానికి అప్పుడు వీలుండేది. ఈవిడ కొలతల తర్వాత ఆ వీలు పోయింది. లోపల కూర్చుని ఎవరో నెడుతున్నారు.

1968లో ఆవిడ పీహెచ్‌డీ పూర్తయింది. ఆ ఏడాది చివర్లోనే ఆ నెట్టేవాడు దొరికాడు. నీహారిక నడుమ నుంచి రేడియో తరంగాలు టకటకమని కొడుతున్నాయని అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు పట్టుకుంది. 1969 జనవరిలో, నడుమ ఉన్న ఒక మసక నక్షత్రం సెకనుకు 30 సార్లు వెలిగి ఆరుతోందని ఆరిజోనాలో చూశారు. నేను పైన చెప్పిన కుప్పకూలిన బంతి ఇదే. దీన్ని పల్సార్ అంటారు. సూర్యుడి కంటే ఎక్కువ బరువుండి, సెకనుకు 30 చుట్లు తిరుగుతోంది. మన హాలులో ఫ్యాను అయిదులో పెట్టినా సెకనుకు ఆరు చుట్లు తిరిగితే గొప్ప. పల్సార్ తిరుగుడు రోజురోజుకూ రవ్వంత మందగిస్తోంది. అలా పోగొట్టుకుంటున్న శక్తి సూర్యుడు ఇచ్చేదానికి లక్ష రెట్లు. ఆ శక్తే నీహారికను వెలిగిస్తోంది, పోగుల్ని బయటికి నెడుతోంది.

చిన్నా, నువ్వు ఏమీ లేదన్న చోట ఉన్నది ఇది.

తర్వాతి ఉద్యోగాలు త్వరగా చెప్పేస్తాను. ఒక ఏడాది కాలేజీలో పాఠాలు, రెండేళ్ళు ఇంగ్లండులో కేంబ్రిడ్జ్, 1971 నుంచి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖ. మరుసటి ఏడు జోసెఫ్ వెబర్‌ను పెళ్ళి చేసుకుంది. గురుత్వ తరంగాలను, అంటే బరువైన వస్తువుల కదలికకు స్థలంలోనే పుట్టే అలలను, పట్టడానికి లావుపాటి అల్యూమినియం దిమ్మలు వేలాడదీసిన మనిషి ఆయన. పట్టానని ఆయన అన్నాడు, మిగతావాళ్ళ పరికరాలకు అవి చిక్కలేదు. ఆయన 2000లో పోయాడు. తరంగాలు 2015లో, వేరే రకం పరికరానికి దొరికాయి. ఆయన ఉద్యోగం అమెరికా తూర్పు తీరాన మేరీలాండ్‌లో, ఆవిడది పడమటి తీరాన. ఏడాదిలో కొంతకాలం ఇక్కడ, కొంతకాలం అక్కడ కాపురం.

ఆవిడ పేరు నిలబెట్టిన పని మాత్రం ఇంకొకటి. అది చదవడం. సూపర్నోవాల గురించి ప్రపంచంలో ఎవరెవరు ఏం రాశారో అంతా చదివి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చి, రెండు పెద్ద సమీక్షలు రాసింది. 1982లో పేలుళ్ళ మీద, 1983లో పేలిన తర్వాత సంగతుల మీద. అప్పటికి 1604 తర్వాత మామూలు కంటికి స్పష్టంగా కనిపించిన సూపర్నోవా ఒక్కటీ లేదు. సరిగ్గా 1987 ఫిబ్రవరిలో, మన పక్క గెలాక్సీలో ఒకటి పేలింది! సిద్ధాంతం చెప్పినట్టే, వెలుగు కంటే ముందుగా న్యూట్రినోలు అనే అతి సూక్ష్మమైన కణాలు వచ్చి జపాన్‌లోనూ అమెరికాలోనూ నేల అడుగున ఉన్న నీటి తొట్లలో గుప్పెడు మెరుపులు మెరిపించాయి. ట్రింబుల్ మళ్ళీ కూర్చుని అదంతా చదివి 1988లో మరో సమీక్ష రాసింది.

నేను అప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. పేపరులో ఆ వార్త చదివి ఆ సాయంత్రం డాబా ఎక్కాను. ఎక్కాక గుర్తొచ్చింది, అది దక్షిణాన అంత దిగువన ఉందని. మన ఊరి నుంచి అయిదు డిగ్రీల ఎత్తు కూడా లేవదు. కొబ్బరి చెట్లను చూసి దిగి వచ్చాను.

1991 నుంచి పదిహేనేళ్ళకు పైగా, ఆ ఏడాది ఖగోళశాస్త్రంలో వచ్చిన పరిశోధనలన్నిటి మీద ఏటేటా ఒక సమీక్ష రాసింది, సహచరులతో కలిసి, చమత్కారాలు కలిపి. ఇంతకీ ఆవిడ కనిపెట్టిందేమిటని కొందరు చప్పరిస్తారు. నాకు అది తెలివితక్కువ ప్రశ్న అనిపిస్తుంది. వెయ్యిమంది రాస్తుంటే అందరినీ చదివిన మనిషి ఒకరైనా లేకపోతే, ఎవరి ఎనభై ఆరేళ్ళ తేడా ఎవరి పల్సార్‌తో కలుస్తుందో చెప్పేదెవరు?

సరే. సంక్రాంతికి వస్తారుగా. చంద్రుడు లేని రాత్రి చూసి చిన్నతాతయ్య పొలానికి వెళదాం, అక్కడ వీధి దీపాలు లేవు. బీరువాలో మీ తాతయ్య బైనాక్యులర్స్ ఉన్నాయి, తుడిచి పెట్టాను. నీహారికను సూటిగా చూడకండి, దాని పక్కకు చూడండి. అప్పుడు కంటి చివర బూడిద రంగులో చిన్న మసక కనిపిస్తుంది, అద్దం మీద ఊపిరి వదిలినట్టు. చీకటికి కళ్ళు అలవాటు పడడానికి అరగంట పడుతుంది, కాబట్టి ఫోన్లు ఇంట్లో పెట్టి రావాలి, ముఖ్యంగా బుజ్జి. బూట్లు తెచ్చుకోండి. మంచుకు గట్లు జారుతున్నాయి.

మీ అమ్మమ్మ
తెనాలి