ముస్సోలినీ ఇటలీలో యూదులు: అపోహలు – వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఇరవయ్యో శతాబ్దపు ఐరోపా చరిత్ర చెప్పడం నా వృత్తి. యూదుల జాతి సంహారం గురించి పాఠం మొదలుపెట్టేసరికి తరగతిలో అందరికీ ఒక్క పేరే తెలిసి ఉంటుంది. కాస్త కఠినంగా ఉండే నాన్ననో, హాస్టల్ వార్డెన్‌నో ‘హిట్లర్’ అని పిలుచుకునే అలవాటున్న మనకు అది వింతేమీ కాదు. అరవై లక్షల మంది యూదులను బలిగొన్న జర్మనీ నేరం ఎంత పెద్దదంటే, ఫాసిజం అనే మాట పుట్టిన ఇటలీలో ఏం జరిగిందో ఆ నీడలో కనపడకుండా పోయింది. విద్యార్థులే కాదు, తోటి అధ్యాపకులు కూడా తరచుగా అనే కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: ఇటలీ ఫాసిస్టులు తొలినుంచీ యూదులను వేటాడారు.

కాదు. 1922లో ముస్సోలినీ అధికారానికి వచ్చినప్పుడు ఆయన పార్టీలో యూదు సభ్యులు ఉన్నారు; ఆయన జీవితచరిత్ర రాసిన మార్గరీటా సర్ఫత్తి యూదు కుటుంబంలో పుట్టిన మనిషే. 1910లో లుయీజీ లుజ్జాత్తి అనే యూదుడు ఆ దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. వేధింపు అంత ఆలస్యంగా మొదలైంది కనుకనే, అది తమ ఇంటి గడప దాకా వస్తుందని చాలామంది యూదులు ఊహించలేకపోయారు.

అపోహ: యూదుల హక్కులను లాక్కున్న 1938 నాటి జాతి చట్టాలు హిట్లర్ ఒత్తిడి వల్ల వచ్చినవి.

నేను ఎక్కువసార్లు ఎదుర్కొనే అపోహ ఇదే. ఆ చట్టాలు చేయమని జర్మనీ ఆదేశించినట్లు చూపే పత్రమేదీ చరిత్రకారులకు దొరకలేదు. జర్మనీతో చెలిమి వాతావరణాన్ని అనుకూలం చేసిన మాట నిజమే కానీ, జాతి పేరిట మనుషులను విడదీసే అలవాటు ఇటలీకి అంతకుముందే ఆఫ్రికాలో అయింది: ఇథియోపియాను ఆక్రమించిన మరుసటి ఏడు, 1937లో, ఇటాలియన్లు అక్కడి స్త్రీలతో భార్యాభర్తల్లా కాపురం చేయడాన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించారు. 1938 జులైలో జాతి సిద్ధాంత ప్రకటన వెలువడింది. సెప్టెంబరులో యూదు పిల్లలను, ఉపాధ్యాయులను బడుల నుంచి వెళ్ళగొట్టారు. నవంబరు 17న ప్రధాన చట్టం వచ్చింది. ఈ చట్టాల మీద సంతకం చేసింది రాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్.

అపోహ: అవి కాగితం మీద మిగిలిపోయిన చట్టాలు.

కాగితమే వాటి అసలు బలం. చట్టాలు రాకముందే, 1938 ఆగస్టు 22న, ప్రభుత్వం యూదులను ప్రత్యేకంగా లెక్కపెట్టించింది. సుమారు 58,000 మంది పేర్లు, చిరునామాలు నమోదయ్యాయి. వారిలో దాదాపు 47,000 మందిని యూదులుగా తేల్చారు. తల్లిదండ్రులిద్దరూ యూదులైతే, మతం మారి చర్చికి వెళ్తున్నవాడు కూడా చట్టం దృష్టిలో యూదుడే. ఆ తరువాత సైన్యం, ప్రభుత్వ ఉద్యోగం, బ్యాంకు, విశ్వవిద్యాలయం వరుసగా తలుపులు మూసుకున్నాయి. కొద్ది కాలానికి రోము వీధుల్లో తిరిగి సరుకులమ్ముకునే చిరువ్యాపారుల అనుమతులు కూడా రద్దయ్యాయి. పొట్టకూటికి ఇంకో దారి లేని ఆ కుటుంబాల గురించి పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యమైనా రాయవు.

ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతానికి కావలసిన గణితాన్ని తీర్చిదిద్దినవారిలో ఒకరైన తుల్లియో లెవీ-చివీతా ఆచార్య పదవి పోగొట్టుకొని 1941లో రోములోనే కన్నుమూశాడు. నాడీ శాస్త్రవేత్త రీటా లెవీ-మోంటల్చీనీ టురిన్‌లో తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుంది. 1986లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ యూదుడు కాడు, ఆయన భార్య లారా యూదురాలు. 1938 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో నోబెల్ బహుమతి అందుకొని ఆ కుటుంబం అటునుంచి అటే అమెరికా వెళ్ళిపోయింది. అదే ఏడు నవంబరు 29న మొదేనాలో ప్రచురణకర్త ఫోర్మిజ్జీనీ నగరంలోని ఎత్తైన గంటల గోపురం మీదినుంచి దూకి ప్రాణం తీసుకున్నాడు.

అపోహ: యూదులను పట్టుకున్నది, పంపించినది జర్మన్లే.

1943 సెప్టెంబరు వరకూ ఇటలీ తన యూదులను మృత్యుశిబిరాలకు పంపలేదు. అంతేకాదు, దక్షిణ ఫ్రాన్సులోనూ క్రొయేషియాలోనూ తన ఆధీనంలో ఉన్న ప్రాంతాల యూదులను జర్మన్లకు అప్పగించడానికి ఇటలీ సైన్యం ఒప్పుకోలేదు. ఇది కాదనలేని నిజం. ఇటలీ బ్రిటన్, అమెరికాల మిత్రసేనలకు లొంగిపోయి, జర్మనీ సైన్యం ఉత్తరాన్నీ మధ్య భాగాన్నీ ఆక్రమించాక పరిస్థితి తలకిందులైంది. అక్టోబరు 16 తెల్లవారుజామున రోములో జరిగిన దాడి జర్మన్లదే: వెయ్యిమందికి పైగా ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి వెళ్ళారు, పదహారు మంది తిరిగి వచ్చారు. ఆ రోజు పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నవారిలో ఫెర్మీ మామగారైన నౌకాదళ అడ్మిరల్ అవుగుస్తో కాపోన్ ఒకరు.

కానీ నవంబరు 30న యూదులందరినీ అరెస్టు చేసి శిబిరాల్లో పెట్టమని ఆదేశించింది పదవి పోయాక ఉత్తరాన జర్మన్ల అండతో ముస్సోలినీ మళ్ళీ నడిపిన ప్రభుత్వపు హోంశాఖ. డిసెంబరు 5 రాత్రి వెనిస్‌లో ఇళ్ళ తలుపులు తట్టింది ఇటలీ పోలీసులు. 163 మందిని తీసుకుపోయారు. అంతకు రెండున్నర నెలల ముందు, సభ్యుల జాబితా ఇవ్వమని అడిగినప్పుడు, అక్కడి యూదు సమాజ పెద్ద, వైద్యుడు జ్యుసెప్పే యోనా జాబితాను నాశనం చేసి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన ఒక జాబితాను లేకుండా చేయగలిగాడు; ఐదేళ్ళ కిందట గుమాస్తాలు రాసుకున్న జాబితాలు మాత్రం ప్రభుత్వ కార్యాలయాల్లో భద్రంగా ఉన్నాయి. చట్టాలు వేరు, మృత్యుశిబిరాలకు వెళ్ళిన రైళ్ళు వేరు అనేవారికి నేను ఈ వెనిస్ ఉదంతమే చెబుతాను. పట్టుబడిన యూదులను ఉంచిన, కార్పి పట్టణం దగ్గరి ఫోస్సోలీ శిబిరాన్ని కూడా మొదట నడిపింది ఇటలీ అధికారులే. ఫాసిస్టు మిలీషియాకు పట్టుబడిన రసాయన శాస్త్రవేత్త ప్రీమో లెవీని 1944 ఫిబ్రవరిలో ఆష్విట్జ్ రైలెక్కించింది అక్కడినుంచే.

అపోహ: ఇటాలియన్లు మంచివాళ్ళు, అందుకే ఎక్కువమంది బతికారు.

సగం నిజం. కాన్వెంట్లు, పల్లె ఇళ్ళు వేలమందిని దాచాయి. అయితే అదే రోములో పట్టించినవారికి మగవాడి తలకు ఐదు వేల లీరాల చొప్పున బహుమానం దక్కింది, ఆ డబ్బు తీసుకున్నవారూ ఉన్నారు. పొరుగున స్విట్జర్లాండ్ ఉండడం, 1944 జూన్ 4న మిత్రసేనలు రోము చేరడం కూడా ప్రాణాలు కాపాడాయి. ఇటలీ గడ్డ నుంచి తరలించినట్లు పేర్లతో సహా నమోదైనవారు దాదాపు 6,800 మంది. తిరిగి వచ్చినవారు 837.

అపోహ: యుద్ధం ముగిశాక అన్నీ సర్దుకున్నాయి.

ఉద్యోగం తిరిగి దొరికిన ఆచార్యులను అదనపు పదవుల్లో నియమించారు. 1938లో వారి కుర్చీల్లో కూర్చున్నవారిని లేపలేదు. ఎవరు యూదుడో ఎవరు కాదో తేల్చిన జాతి న్యాయస్థానానికి అధ్యక్షత వహించిన గయెతానో అజ్జారీతి 1957లో, ప్రజాస్వామ్య ఇటలీలో, రాజ్యాంగ న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యాడు.