పేగు దాకా కరగని పూత

పరగడుపున వేసుకునే పసుపు రంగు గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్, ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంటోంది. మింగలేని పెద్దవాళ్లకు దాన్ని రెండు చెంచాల మధ్య నలిపి, తేనెలో కలిపి పెట్టడం నేను చూశాను. ప్రేమతోనే పెడతారు. కానీ ఆ మందుకు ఆమ్లం తగిలితే పాడైపోతుంది, కడుపులో ఉన్నది ఆమ్లమే. మందును చిన్నపేగు దాకా క్షేమంగా దాటించేది ఆ పైనున్న పల్చటి పూత. నలిపితే ముందు పోయేది అదే.

కావాలంటే ఇంట్లోనే చూడొచ్చు. ఒక గ్లాసులో నిమ్మరసం, ఇంకో గ్లాసులో వంటసోడా నీళ్లు పోసి, చెరో మాత్ర వేసి, అప్పుడప్పుడు కలుపుతూ గంటసేపు ఆగండి. నిమ్మరసంలోది గట్టిగానే ఉంటుంది. సోడా నీళ్లలోదాని పూత మెత్తబడి జారిపోయి, మాత్ర విచ్చుకుంటుంది. ఆ మాత్రలు మాత్రం మళ్లీ వాడకండి.

ఈ పూతకు ఎక్కువగా వాడేది మెథాక్రిలిక్ ఆమ్లంతో చేసిన పాలిమర్. దాని పొడవాటి గొలుసుకు కార్బాక్సిల్ గుంపులు, అంటే ఆమ్ల గుణమున్న చిన్న అణు భాగాలు, వేలాడుతుంటాయి. కడుపులోని ఆమ్లంలో అవి తమ హైడ్రోజన్‌ను వదలవు, కాబట్టి పూత కరగదు. పేగులో పీహెచ్ (ఆమ్లం తగ్గేకొద్దీ పెరిగే కొలత) 5.5 దాటగానే వదిలేస్తాయి, రుణావేశం వస్తుంది, పూత నీళ్లలో కలిసిపోతుంది. ఇక్కడో చిక్కుంది. ఆ పాలిమర్ కూడా ఆమ్ల గుణం ఉన్నదే, నేరుగా పూస్తే మందును అదే పాడుచేస్తుంది. అందుకే రెండింటి మధ్య ఇంకో పల్చటి పొర వేస్తారు. నాకైతే ఈ లోపలి పొరే అన్నిటికన్నా ముచ్చటైన ఆలోచన.

ఆ పొరకు సాధారణంగా వాడేది హైప్రోమెల్లోస్. చెట్ల గుజ్జులోనో పత్తిలోనో ఉండే సెల్యులోజ్‌ను మార్చి దీన్ని చేస్తారు. చేదు తెలియకుండా వేసే మామూలు రంగు పూతల్లోనూ ఎక్కువగా ఇదే. పగుళ్లు రాకుండా పాలిథిలీన్ గ్లైకాల్, తెలుపుకి టైటానియం డయాక్సైడ్, పసుపు ఎరుపులకు ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు. ఇంతా చేసి ఈ రంగు పూత బరువు మాత్రలో రెండు మూడు శాతమే. పాతకాలపు చక్కెర పూతకైతే రోజులు పట్టేది, ఒక్కోసారి మాత్ర బరువు రెట్టింపయ్యేది. ఇలాంటి పల్చటి పూత, అంటే ఫిల్మ్ పూత, ఉన్న మాత్ర 1954లో అమెరికాలో అబాట్ కంపెనీ ద్వారా మార్కెట్లోకి వచ్చింది.

ఫ్యాక్టరీలో మాత్రలు పెద్ద పాన్‌లో దొర్లుతుంటే స్ప్రే గన్‌తో ద్రావణం కొడుతూ వేడి గాలి పంపుతారు. తడి ఎక్కువైతే మాత్రలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, తక్కువైతే పూత గరుకుగా వస్తుంది.

మీ ఇంట్లోని స్ట్రిప్ వెనక ‘గ్యాస్ట్రో రెసిస్టెంట్’ అనో ‘ఎంటరిక్ కోటెడ్’ అనో ఉంటే ఆ మాత్రను నలపకండి, విరవకండి, నమలకండి. మింగడం కష్టమైతే డాక్టర్‌ని అడిగి వేరే రూపంలో రాయించుకోండి.