మెడ కూడా మొహమే

చిరంజీవులైన పిల్లలకు, పెద్దమ్మ ఆశీస్సులు.

ఇరవైల్లో ఉన్నవాళ్ళకి ముసలితనం ముచ్చట ఇప్పుడెందుకు అంటారేమో. ఆ లెక్క మొదలయ్యేదే ఇప్పుడర్రా. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ పాతికేళ్ళ ప్రాంతం నుంచి ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. అది ఎవరికీ ఆగదు. కాకపోతే ఎండ, పొగ, చక్కెర, పనికిమాలిన క్రీములు దాన్ని ఇంకా తొందరగా తరగగొడతాయి. వీటి దగ్గర మాత్రం మీ మాట చెల్లుతుంది.

తెల్లతోలు వాళ్ళ కోసం రాసిన సలహాలన్నీ ముడతల చుట్టూ తిరుగుతుంటాయి. మన చాయకి మెలనిన్ అనే రంగు పదార్థం పుణ్యమా అని ముడతలు ఆలస్యంగా వస్తాయి. మనకి వయసు ముందు మచ్చగా దిగుతుంది. చెంపల మీద మంగు, పెదాల చుట్టూ నలుపు, మొహానిదొక రంగు, మెడదొక రంగు. మెడ చర్మం పల్చన, నూనె గ్రంథులు తక్కువ, పైగా పొద్దస్తమానం ఎండలో ఉంటుంది. అయినా ఏది పూసినా అందరి చెయ్యీ గడ్డం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఈ ఉత్తరంలో మొహం అని ఉన్న ప్రతిచోటా మెడ అని కూడా చదువుకోండి.

ముందు సన్‌స్క్రీన్ సంగతి. ఎండలో రెండు రకాల అతినీలలోహిత కిరణాలు మనదాకా వస్తాయి. ‘బి’ కిరణాలు చర్మాన్ని కమిలిస్తాయి, అవి తగిలితే తెలుస్తుంది. ‘ఎ’ కిరణాలు తగిలినట్టే ఉండవు. చడీచప్పుడు లేకుండా లోపలి పొరల్లోకి దిగి కొల్లాజెన్‌ని పాడుచేస్తాయి, నలుపు తెస్తాయి. మబ్బు వాటిని పూర్తిగా ఆపదు, కిటికీ గాజూ ఆపదు. కారు ముందు అద్దాన్ని రెండు గాజుల మధ్య పొర పెట్టి చేస్తారు కనక అది చాలావరకు ఆపుతుంది, చాలా కార్లలో పక్క అద్దాలు ఆపవు. అందుకే రోజూ కారు నడిపేవాళ్ళకి ఇక్కడైతే కుడి చెంప, అమెరికాలో ఉన్న మన పిల్లలకైతే ఎడమ చెంప ముందు దెబ్బతింటుంది. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ అని రాసేది ‘బి’ కిరణాల లెక్క. 30 అయితే సుమారు 97 శాతం, 50 అయితే 98 శాతం ఆపుతుంది. 100 అని రాసినదానికి రెట్టింపు ధర ఎందుకు పెట్టాలో మీరే చూసుకోండి. ‘ఎ’ కిరణాల కోసం ‘పీఏ’ పక్కన ప్లస్ గుర్తులు మూడో నాలుగో ఉన్నాయా లేదా చూడండి. మంగు ఉన్నవాళ్ళు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ తీసుకోవాలి. మంగుని మామూలు వెలుతురు కూడా ముదరబెడుతుంది, తెల్ల క్రీములు దాన్ని సరిగా ఆపలేవు.

కొనడంలో కన్నా పూయడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఆ 30, 50 అంకెలు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల మందంలో పూసి తేల్చినవి. అందులో సగం పూస్తే రక్షణ సగానికి, అంతకన్నా కిందికీ పడిపోతుంది. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన పెట్టి, మొదటి నుంచి కొస దాకా రెండు గీతలు పిండండి. మొహానికీ మెడకీ కలిపి అది కావాలి. ఒకేసారి రుద్దితే తెల్లగా పేరుకుంటుంది, అందుకని ముందు ఒక గీత పూసి, నిమిషం ఆగి రెండోది పూయండి. చెవుల పైభాగం, చెవుల వెనక, జుట్టు మొదళ్ళు, ముక్కు పక్కన మడత, మెడ వెనక, జాకెట్టు మెడ ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా. బయల్దేరడానికి పావుగంట ముందు పూసుకోండి. బయట ఉంటే రెండు గంటలకోసారి, చెమట కారి తుడుచుకుంటే వెంటనే మళ్ళీ. రెండు గీతలంటే గ్రాము, గ్రామున్నర. రోజుకొకసారి పూసినా 50 గ్రాముల ట్యూబు నెలా పదిహేను రోజులకి కాస్త అటూ ఇటూగా అయిపోవాలి. మీది నాలుగు నెలలు వచ్చిందంటే పూస్తున్నది పేరుకే.

ఎండ ఎప్పుడు ప్రమాదమో తెలియడానికి మీ నీడ చాలు. నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే ఎండ గట్టిదన్నమాట. ఫోన్లో వాతావరణం చూపించే చోట యూవీ ఇండెక్స్ అని ఉంటుంది. 3కి చేరితే జాగ్రత్త మొదలు, 11కి చేరితే అతి తీవ్రం. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో మిట్టమధ్యాహ్నం 11 దాటడం మామూలే. ఆ వేళ సన్‌స్క్రీన్ కన్నా గొడుగు మేలు, స్కూటర్ మీదైతే మెడ కూడా కప్పే చున్నీ. సన్‌స్క్రీన్ పూస్తే డి విటమిన్ రాదని కొందరి భయం. రక్తపరీక్ష చేయించుకుని, తక్కువుంటే మందు వేసుకోండి, దానికోసం మొహం మాడ్చుకోవద్దు. వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల పొట్లం మాత్రం డాక్టరు చెప్పినన్ని వారాలకే. ఊరికే మంచిదని ఏళ్ళతరబడి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికొస్తుంది.

కడుక్కోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున, రాత్రి, రెండుసార్లు చాలు. ఒంటి సబ్బు పీహెచ్, అంటే పులుపు, క్షారాల కొలత, 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 చుట్టుపక్కల. అందుకే సబ్బుతో కడిగాక మొహం పీక్కుపోయినట్టుంటుంది. అది శుభ్రం కాదు, కాపలా పొర కరిగిపోవడం. నురుగు తక్కువ వచ్చే ఫేస్‌వాష్ వాడండి. సున్నిపిండి పండక్కో వారానికోసారో ఒంటికి బాగుంటుంది. మొహానికైతే పల్చటి గుడ్డలో జల్లించి, పాలలోనో నీళ్ళలోనో బాగా నాననిచ్చి, రుద్దకుండా పూసి కడిగేయండి. బరకపిండితో రుద్దితే కంటికి కనపడని గీతలు పడి, ఆ గీతలే తర్వాత మచ్చలవుతాయి. మొటిమలున్నవాళ్ళు దాని జోలికే వెళ్ళొద్దు. స్నానం గోరువెచ్చటి నీళ్ళతో. తుడుచుకున్న మూడు నిమిషాల్లోపు, ఒంటి మీద తడి ఇంకా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. గ్లిజరిన్, సిరామైడ్లు ఉన్నది ఏదైనా సరే, ఖరీదుతో పని లేదు. కొబ్బరినూనె కాళ్ళకీ చేతులకీ మంచిదే, మొహానికి రాస్తే రంధ్రాలు మూసుకుని మొటిమలొస్తాయి. చలికాలంలో హీటర్లు వేసుకునే దేశాల్లో ఉన్నవాళ్ళు పల్చటి లోషన్ మాని చిక్కటి క్రీముకి మారండి. లీటర్ల కొద్దీ నీళ్ళు తాగినంత మాత్రాన పొడిచర్మం పోదు.

ఇక నాకు కోపం తెప్పించే విషయం. మందుల షాపులో అడిగితే చాలు, చీటీ లేకుండా చేతిలో పెట్టే ‘తెల్లబడే’ క్రీములు. ట్యూబు తిప్పి చూడండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఈ మూడింట్లో ఏది కనపడినా అది స్టెరాయిడ్. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఆగిందా? మొదటి వారం రక్తనాళాలు ముడుచుకుని మొహం తెల్లగా, నున్నగా మెరుస్తుంది. అందరూ మెచ్చుకుంటారు. రెండు మూడు నెలలకి చర్మం ఉల్లిపొరలా పల్చబడి, ఎర్రటి సన్న దారాల్లాంటి నాళాలు, మొటిమలు, నూగు మొదలవుతాయి. మానేస్తే మంట, ఎరుపు. ఆ మంటకి తాళలేక మళ్ళీ రాస్తారు. ఇప్పటికే ఈ వలలో ఉన్నవాళ్ళు సొంతంగా ఒక్కసారిగా మానకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మెల్లగా మాన్పిస్తారు. తామరకి ఇచ్చే మూడు మందుల మిశ్రమం క్రీముల్లోనూ ఇదే స్టెరాయిడ్ ఉంటుంది. దురద తగ్గినట్టే తగ్గి తామర ఒళ్ళంతా పాకుతుంది. తయారీదారు చిరునామా కూడా లేని డబ్బాల్లో పాదరసం ఉండే అవకాశం ఉంది, అది చర్మంలోంచి ఇంకి కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. తెల్లబడటానికి నరానికి ఎక్కించే డ్రిప్‌లు అసలే వద్దు. నిమ్మకాయ కూడా రాయకండి. దాని పీహెచ్ 2 ప్రాంతం, ఆ రసంతో ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్ల మచ్చలు మిగులుతాయి.

నిజంగా పనిచేసే పూతమందు ఒకటుంది, రెటినాయిడ్, అంటే ఎ విటమిన్ జాతి మందు. ముప్ఫై దగ్గర పడుతున్నవాళ్ళకీ, మొటిమలున్నవాళ్ళకి ఇంకా ముందూ. రాత్రిపూట మాత్రమే, మొహం పొడిగా ఆరాక, మొత్తానికి బఠాణీ గింజంత. మొదటి నెల వారానికి రెండు రాత్రులు, తర్వాత మూడు. ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద పూస్తే మంట తగ్గుతుంది. మెడకి ఇంకా తక్కువ, ఇంకా ఆలస్యంగా, అక్కడ తొందరగా రేగుతుంది. కొద్దిగా పొట్టు రేగడం మామూలే, ఎర్రగా మండితే ఆపి, తగ్గాక మళ్ళీ మొదలెట్టండి. పన్నెండు వారాలు గడవనిదే ఫలితం తేల్చకండి. గర్భంతో ఉన్నా, అనుకుంటున్నా పూర్తిగా మానాలి. అందులో ట్రెటినాయిన్ అనే రకమైతే డాక్టరు రాసిస్తేనే.

మళ్ళీ మెడ దగ్గరికి వద్దాం. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డ తాకినట్టుంటే అది మురికి కాదు. చాలామంది పీచు పెట్టి, నిమ్మచెక్క పెట్టి రుద్ది రక్తం వచ్చేట్టు చేస్తారు. ఎంత రుద్దితే అంత నల్లబడుతుంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, అది ఎక్కువెక్కువ ఊరుతుంటే చర్మకణాలు పెరిగి అలా అవుతుంది. పక్కనే చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతుంటే అనుమానం ఇంకా గట్టిది. ఆ మెడ చూసుకుని కొనాల్సింది క్రీము కాదు, టేపు. బొడ్డు దగ్గర చుట్టుకొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష చేయించండి. 5.7 నుంచి 6.4 శాతం మధ్య వస్తే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు. అక్కడి నుంచి వెనక్కి రావచ్చు, బరువు తగ్గితే మెడ కూడా నెలల్లో తేటపడుతుంది. రక్తంలో మిగిలిన చక్కెర కొల్లాజెన్ పోగుల్ని అంటుకుని వాటిని పెళుసుగా చేస్తుంది. షుగరుకీ చర్మానికీ ఉన్న చుట్టరికం అక్కడుంది.

మన కంచంలో గొడవ అన్నంతో కాదు, అన్నం పక్కన ఉండాల్సినవి లేకపోవడంతో. మాంసకృత్తులు రోజుకి బరువులో కిలోకి 0.83 గ్రాములు కావాలి. 60 కిలోలుంటే 50 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 8, కప్పు గట్టిపప్పులో 7, 8 వస్తాయి. పల్చటి చారులో వచ్చేది లెక్కలోకి రాదు. కూరా పప్పూ ముందు తిని అన్నం తర్వాత కలుపుకోండి, తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి, షుగర్ ఒక్కసారిగా ఎగరదు. కొల్లాజెన్ పొడులకి పెట్టే డబ్బు గుడ్లకీ పెసలకీ పెట్టండి, కడుపులోకి వెళ్ళాక ఏ మాంసకృత్తయినా అరిగి ముక్కలైపోయేదే. ఎముకల గట్టితనం ముప్ఫై ఏళ్ళలోపే పోగవుతుంది, ఆ తర్వాత అంతా ఖర్చే. రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో 350 దాకా, గ్లాసు పాలలో 300 దాకా ఉంటుంది. కండరం కూడా ముప్ఫై దాటాక కరుగుతుంది. నడక ఒక్కటే చాలదు, వారంలో రెండు రోజులు బరువు మోసే పని పెట్టాలి. గుంజీళ్ళు, గోడకానించి దండీలు, నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవడం. ఆ చివరిది ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి. నిద్ర ఏడు గంటలకి తగ్గకూడదు. సిగరెట్టు సంగతి మీకు తెలిసిందే. నికోటిన్ చర్మానికి రక్తం అందే సన్న నాళాల్ని నొక్కేస్తుంది, పొగ పెదాల్నీ నల్లబరుస్తుంది.

చిల్లర విషయాలు నాలుగు. రోజూ ఒకేచోట బొట్టుబిళ్ళ అంటిస్తే జిగురులోని రసాయనానికి కొందరి నుదుట తెల్లమచ్చ పడుతుంది. దురద మొదలవగానే మానేసి కుంకుమకి మారండి. గిల్టు గొలుసు కింద మెడ దురదపెట్టి నల్లబడుతోందంటే అందులోని నికెల్ పడలేదన్నమాట. సెంటు మెడ మీద కొట్టుకుని ఎండలోకి వెళ్ళొద్దు, బట్టల మీద కొట్టుకోండి. జుట్టుకి రంగు వేసేముందు చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూడండి, అంతకుముందు పదిసార్లు పడిన రంగు పదకొండోసారి పడకపోవచ్చు.

ఉంటాను మరి.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క. సన్‌స్క్రీన్ ట్యూబు స్కూటర్ డిక్కీలో పడేసి ఉంచుతున్నారేమో. ఆ వేడికి క్రీము విరిగి నీళ్ళొకటీ ముద్దొకటీ అవుతుంది. పిండగానే ముందు నీళ్ళు కారితే ఆ ట్యూబు పారేయండి, తేదీ మిగిలున్నా సరే.