గడ్డి, కట్టె నుంచి హైడ్రోజన్: అపోహలు - వాస్తవాలు

పంట కోశాక చేలో మిగిలే గడ్డి, కట్టె నుంచి హైడ్రోజన్ తీసే గ్యాసిఫికేషన్ పనిలో ఉన్నాను. ఎక్కడికెళ్ళినా ఇవే మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: ఇదీ గడ్డి తగలబెట్టడమే.

కాదు. పూర్తిగా కాలిస్తే వేడి, పొగ, బూడిద తప్ప ఏమీ మిగలవు. మేం గాలిని కట్టడి చేసి, 700 నుంచి 900 డిగ్రీల వేడిలో ఆవిరి పంపుతాం. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, కొంత మీథేన్ కలిసిన గ్యాస్ వస్తుంది.

అపోహ: గడ్డిలో ఉన్న హైడ్రోజన్ మాత్రమే వస్తుంది.

ఎండిన కట్టె బరువులో హైడ్రోజన్ సుమారు 6 శాతం, అంటే కిలోకు 60 గ్రాములు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో ప్రొఫెసర్ దాసప్ప బృందం కిలో బయోమాస్ (గడ్డి, కట్టె లాంటి మొక్కల సరుకు) నుంచి 100 గ్రాములు తీసింది. ఆ పైది నీళ్ళలోంచి వచ్చింది. ఆవిరిలోని ఆక్సిజన్‌ను కార్బన్ లాక్కుంటే హైడ్రోజన్ విడిపోతుంది.

అపోహ: మంచి క్యాటలిస్ట్ (తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం) ఉంటే చాలు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే మాట ఇదే. గ్యాస్‌తోపాటు తారు కూడా వస్తుంది. వేడిగా ఉన్నంతసేపు కంటికి కనిపించదు. పైపు ఎక్కడ చల్లబడితే అక్కడ నల్లగా, జిగటగా పేరుకుంటుంది. అలాంటి వాల్వు విప్పితే చేతికంటిన వాసన సబ్బుతో రుద్దినా ఓ పట్టాన పోదు. ఆ తారును విరగ్గొట్టి గ్యాస్‌గా మార్చడం క్యాటలిస్ట్ పని. నికెల్ ఈ పని బాగా చేస్తుంది కానీ గడ్డిలోని గంధకం తగిలితే మొద్దుబారుతుంది. పైన మసి పేరుకున్నా పని తగ్గుతుంది. మసినైతే కాల్చి వదిలించవచ్చు. డోలమైట్ చవక. ఖమ్మం జిల్లా మాదారం గనిలో దొరికే రాయి అదే. తారు మీద బాగానే పనిచేస్తుంది, కాకపోతే మెత్తన, పొడై గ్యాస్‌తో కొట్టుకుపోతుంది. ముందు డోలమైట్‌తో తారు చాలావరకు తగ్గించి, ఆ తర్వాతే నికెల్‌కు పంపడం మేలని నా అభిప్రాయం. ఏది వాడినా లోపలికి వేసే సరుకు బాగా లేకపోతే లాభం లేదు.

అపోహ: ఏ వ్యర్థమైనా ఒకటే.

వరిగడ్డి బూడిదలో సిలికా (ఇసుకలో ఉండేదే), పొటాష్ రెండూ ఉంటాయి. ఆ వేడికి కలిసి కరిగి, చల్లారాక గాజు గడ్డలై రియాక్టర్ (గ్యాస్ తయారయ్యే పాత్ర) అడుగున పట్టేస్తాయి. సుత్తి, ఉలి పెట్టి రాలగొట్టాలి. ఒక విశేషం ఉంది. చేలో వానకు తడిసిన గడ్డి పశువులు ముట్టవు, కానీ ఆ వానలోనే పొటాష్, క్లోరిన్ చాలావరకు కడుక్కుపోతాయి. మళ్ళీ ఎండబెట్టి వేస్తే గడ్డలు కట్టడం తగ్గుతుంది.

అపోహ: కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఇది గ్రీన్ (వాతావరణానికి హాని తక్కువ చేసే) హైడ్రోజన్ కాదు.

2023 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన గ్రీన్ హైడ్రోజన్ ప్రమాణంలో బయోమాస్ దారి కూడా ఉంది. మొక్క గాలి నుంచి తీసుకున్న కార్బనే తిరిగి గాలిలోకి పోతుంది. కిలో హైడ్రోజన్‌కు ఉద్గారాలు కార్బన్ డయాక్సైడ్ లెక్కన 2 కిలోలు దాటకూడదన్నది షరతు. ట్రాక్టర్ డీజిల్, కరెంటు లెక్కలోకి వచ్చేది ఇక్కడే.

అపోహ: చెత్తే కదా, ఉచితంగా దొరుకుతుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్లకు ఊకే ఇంధనం, డబ్బిచ్చి కొనాల్సిందే. వరిగడ్డి పశువుల మేత. పైగా బరువు తక్కువ, చోటు ఎక్కువ, లారీ కిరాయే తడిసి మోపెడవుతుంది. నా ఓటు పత్తి కట్టెకు. పశువులు తినవు, బూడిద తక్కువ, గడ్డలు కట్టే బాధ కూడా అంతగా ఉండదు. గులాబీ రంగు పురుగు అందులోనే తలదాచుకుంటుంది కాబట్టి ఏరివేత అయిపోగానే చేను ఖాళీ చేయమని వ్యవసాయ శాఖ ఎలాగూ చెబుతోంది. కట్టె పీకి గట్టుకు చేర్చే కూలి రైతుకు గిట్టాలి. ప్లాంట్ లెక్క వేసేవాళ్ళు ఆ కూలినీ, ముక్కలు కొట్టే ఖర్చునూ మొదటే వేసుకోవాలి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది.