నిఘా వైఫల్యం: జనం అనుకునేది, లోపల జరిగేది

నా సర్వీసులో సగం పోలీసు నిఘా విభాగంలోనే గడిచింది. రిటైరయ్యాక పెళ్లిళ్లలో, వాకింగ్‌లో, చివరికి కటింగ్ షాపులో కూడా నన్ను అడిగేది ఒకటే: "బాంబు పేలుతుందని ముందే తెలిసిందట కదా సార్, మరి ఎందుకు ఆపలేదు?"

అపోహ: సమాచారం ముందే వస్తే ఆపేయొచ్చు

దిల్‌సుఖ్‌నగర్ సంగతే తీసుకోండి. 2013 ఫిబ్రవరి 21, సాయంత్రం ఏడు గంటల వేళ. ఒక బాంబు 107 బస్టాప్ దగ్గర పేలింది, ఇంకోటి ఏ1 మిర్చి సెంటర్ దగ్గర. రెండూ సైకిళ్ల మీద పెట్టినవే. 18 మంది చనిపోయారు. అంతకు నాలుగు నెలల ముందే, 2012 అక్టోబరులో, ఢిల్లీ పోలీసులకు చిక్కిన ఇండియన్ ముజాహిదీన్ అనే ఉగ్రవాద సంస్థ మనుషులు దిల్‌సుఖ్‌నగర్, బేగంబజార్, ఆబిడ్స్‌లో రెక్కీ చేశామని, అంటే ముందుగా తిరిగి చూసుకున్నామని చెప్పారు. పేలుళ్లకు రెండు రోజుల ముందు రాష్ట్రాలన్నిటికీ అలర్ట్ పంపామని కేంద్ర హోం మంత్రి కూడా అన్నారు.

అంటే చోటు తెలుసు. మనిషి తెలియదు, రోజు తెలియదు. ఇలాంటి సమాచారం వస్తే మామూలుగా ఏమవుతుందంటే, మొదటి వారం పికెట్లు పెడతారు, లాడ్జీలు సోదా చేస్తారు. తర్వాత ఏదో ఊరేగింపో, వీఐపీ పర్యటనో వస్తుంది. మనుషుల్ని అటు లాగేస్తారు. నెల తిరిగేసరికి ఆ కాగితం ఫైల్లో ఉంటుంది, పికెట్ ఉండదు. ఆ బజార్లో సాయంత్రం ఎన్ని సైకిళ్లు ఆగి ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాగని తప్పేం లేదని నేననను. చోటు పేరుతో సహా చెప్పిన మాటను నాలుగు నెలలూ పట్టుకుని కూర్చునే మనిషి ఒకడుండాలి. ఇక "అన్ని రాష్ట్రాలూ అప్రమత్తంగా ఉండాలి" అనే అలర్ట్ ఉందే, అది పంపినవాడికి రక్షణ, అందుకున్నవాడికి తలనొప్పి.

అపోహ: పేరు లిస్టులో ఉంటే ఇరవై నాలుగు గంటలూ వెంటే ఉంటారు

ఒక మనిషిని వాడికి తెలియకుండా రాత్రింబవళ్లు వెంటాడాలంటే మూడు షిఫ్టులు, బండ్లు, మొహాలు మార్చుకోవడానికి మనుషులు, అన్నీ కలిపి ఇరవై మందికి తక్కువ కాదు. 2017లో బ్రిటన్‌లో అక్కడి దేశీయ నిఘా సంస్థ ఎంఐ5 చురుగ్గా చూస్తున్న అనుమానితులు సుమారు 3,000 మంది, ఒకసారి చూసి ఫైలు మూసేసినవాళ్లు 20,000 మంది. ఆ ఏడాది మే 22న మాంచెస్టర్‌లో పేల్చుకుని 22 మందిని చంపినవాడు ఆ మూసేసిన ఫైళ్లలోవాడే. వాడి గురించి ఒక సమాచారం ముందే వచ్చింది. చూసిన అధికారి వెంటనే తోటివాళ్లతో మాట్లాడి, అదే రోజు రిపోర్టు రాయాల్సిందని తర్వాత విచారణ తేల్చింది. రాయలేదు. రాసి ఉంటే లిబియా నుంచి దిగినప్పుడు వెంటపడేవాళ్లేమో, పేలుడు సామాను దాచిన కారు దాకా వెళ్లేవాళ్లేమో. ఆ "ఏమో" మా ఉద్యోగంలో అందరికీ తెలిసినదే.

అపోహ: ఒక ఏజెన్సీకి తెలిస్తే అందరికీ తెలిసినట్టే

అమెరికాలో సెప్టెంబర్ 11 హైజాకర్లలో ఇద్దరు 2000 జనవరిలో కౌలాలంపూర్‌లో కలుసుకున్నారని సీఐఏకు తెలుసు. మిగతా ఏజెన్సీలు కూడా చూసే అనుమానితుల జాబితా, అంటే వాచ్‌లిస్టుకు వాళ్లు ఎక్కింది 2001 ఆగస్టులో. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

అపోహ: కంప్యూటర్లున్నాయిగా, పేరు కొడితే వచ్చేస్తుంది

ఏ స్పెల్లింగ్‌తో కొడతారు? బోస్టన్ మారథాన్ బాంబర్లలో పెద్దవాడి గురించి రష్యా 2011లోనే అమెరికాకు చెప్పింది. ఒక జాబితాలో మాత్రం వాడి ఇంటిపేరు స్పెల్లింగ్ తప్పుగా ఎక్కింది.

నవ్వకండి, మాదీ అదే కథ. ఒకే మనిషికి రెండు జిల్లాల్లో రెండు ఫైళ్లు నడిచాయి. ఒకచోట పేరులో 'డి' ఒకటి ఎక్కువ, ఇంకోచోట తండ్రి పేరు ఇంటిపేరు గడిలో ఎక్కింది. రెండేళ్లు రెండు సెట్ల మనుషులు వాడి కోసం తిరిగారు. చివరికి వాడు ఓ దొంగ బైకు కేసులో దొరికాడు. అప్పుడు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసింది మా హెడ్ కానిస్టేబుల్, టీ తాగుతూ.